గొలుసు రెండో కొస

శౌరయ్య మొండి ఘటమని కొండపల్లి క్యాంపులో కోళ్ళకి కూడా తెలుసు. ఆదివారం తెల్లారకుండా ఒంటరిగా కొండెక్కి పొద్దుగూకేలోపు దిగుతానని చెబితే, వద్దన్నవాళ్ళే గానీ తోడొస్తానన్నవాళ్ళు లేరు. మరీ మంచిది, అన్నం మిగులుతుంది అన్నాడు. సెలవురోజు సర్వే గొలుసు బయటికి తీయడానికి రూలు ఒప్పుకోదన్నారు సర్వేయరుగారు. అయితే రూలునే కొండెక్కమనండి, నేను ఇంట్లో పడుకుంటానని ఆయనకీ జవాబు చెప్పాడు.

అది డెబ్భై నాలుగో సంవత్సరం. కొండ మీదుగా పోయే కొత్త కరెంటు లైనుకి సర్వే జరుగుతోంది. గొలుసు పట్టి నేల కొలిచే పని శౌరయ్యది, జక్కయ్యది. ముందు కొస జక్కయ్య చేతిలో, వెనక కొస శౌరయ్య చేతిలో. వెనకవాడు చెయ్యి చూపించిన వైపే ముందువాడు నడవాలి. పదకొండు రోజుల కిందట, కోట దాటాక వచ్చే నిటారు దారిలో, శౌరయ్య కుడికి పొమ్మని చెయ్యి చూపించాడు. జక్కయ్య కుడికి తిరిగి పొదల్లోకి వెళ్ళాడు. కాసేపటికి గొలుసు వదులైంది. లాగితే ఖాళీ పిడి ఒక్కటే వచ్చింది.

రెండ్రోజులు వెతికారు. పొదల్లో అతని చెప్పులు దొరికాయి, అతను దొరకలేదు. ఆ తర్వాత పని ఎగ్గొట్టి పారిపోయాడని కాగితం రాసేశారు. శౌరయ్యకి ఒళ్ళు మండింది. పారిపోయేవాడు చెప్పులు వదిలి పోతాడా? ఆ కోపం కింద ఇంకో బాధ ఉంది. కుడికి పొమ్మన్నది తనే.

జక్కయ్య భార్య దానమ్మ శౌరయ్య ఇంటి తడిక అవతలి గదిలోనే ఉంటుంది. ఆ రోజు నుంచి ఆమె నోరు విప్పలేదు, ఏడవనూ లేదు. శవం దొరికి, మనిషి పోయాడని తేలితే గుండె పగిలేలా ఏడ్చేది. సొంతూరు కంకిపాడు సమాధుల దొడ్లో ఇంత మన్ను వేసి వచ్చేది. ఆ మన్ను వేసే రోజు ఆమెకి తెచ్చిపెట్టాలి. శౌరయ్యకి కావలసింది అంతే.

శనివారం సాయంత్రానికి సామానంతా వసారాలో పేర్చాడు. టైరు చెప్పులకి కొత్త మేకులు కొట్టించాడు. నీళ్ళకి రెండు సీసాలు, దిగడానికి తాడు, చెట్లకి గుర్తు పెట్టడానికి సున్నం, పొదలు నరకడానికి కత్తి. భార్య అమలమ్మ మూతి ముడుచుకునే పెరుగన్నానికి గిన్నె తోమి, మాగాయ ముక్క విడిగా పొట్లం కట్టింది. అన్నిటి కింద మడతపెట్టిన తెల్ల దుప్పటి చూసి, అది దేనికని మాత్రం అడగలేదు.

ఇక మిగిలింది గొలుసు. ఆ రోజు ఆపేసిన చోటు నుంచి మళ్ళీ కొలుచుకుంటూ పోతే జక్కయ్య పోయిన చోటికే చేరొచ్చని అతని ఆలోచన. వాడగా వాడగా గొలుసు సాగుతుంది కాబట్టి ముందు దాన్ని సరిచూసుకోవాలి. దొడ్డి చివర పొదల దగ్గర మేకుకి ఒక పిడి తగిలించి, రెండోది పట్టుకుని వసారా దాకా వెనక్కి నడిచాడు. మసకచీకటి పడుతోంది. పొయ్యిల పొగ నేలబారుగా పాకుతోంది. పొదల వైపు నుంచి తడి ఆకులు కుళ్ళిన వాసన వచ్చింది. వాన పడి నెల దాటింది.

గొలుసు కదిలింది. ఏ మేకో గొలుసుకి తగులుకుందనుకుని అదిలించాడు. కీచురాళ్ళు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

మళ్ళీ కదిలింది. ఒక లాగు... ఆగి, ఇంకొకటి.

కేకలు వినపడని పొదల్లో జక్కయ్యా తనూ పెట్టుకున్న సైగ అది. నేను ఇక్కడ నిలబడ్డాను, నువ్వు రా అని. అది ఇంకెవరికీ తెలియదు.

భయపడ్డందుకు శౌరయ్యకి తన మీద తనకే కోపం వచ్చింది.

"నేను రాను," అన్నాడు పళ్ళ బిగువున. "నువ్వే రా. ఇంటికి పద."

గొలుసు బిగిసింది. అతన్ని జానెడు ముందుకి ఈడ్చింది. మడమలు తన్నిపెట్టి వెనక్కి లాగాడు. వచ్చింది... బరువుగా. మనిషంత బరువు. ఎండుటాకుల మీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు.

అమలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "వదిలెయ్యయ్యా," అంది గుసగుసగా. "నీ కాళ్ళు పట్టుకుంటా, వదిలెయ్."

"వదలను. ఒకసారి పోగొట్టుకున్నా, చాలు."

లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. లాగాడు. గొలుసు కాళ్ళ దగ్గర కుప్పపడుతోంది. ఆ చప్పుడు తడిక చివరి దాకా వచ్చి... ఆగింది. బరువు ఒక్కసారిగా తేలిపోయింది. శౌరయ్య తూలి వెల్లకిలా పడ్డాడు. అవతలి పిడి ఎగిరొచ్చి ఒళ్ళో పడింది. ఖాళీదే. కానీ వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే వదిలినట్టు.

అమలమ్మ లాంతరు ఎత్తింది. దొడ్లో ఎవరూ లేరు.

తడిక అవతల తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత, పదకొండు రోజులుగా వినని దానమ్మ గొంతు వినిపించింది. అందులో ఏడుపు లేదు.

"ఇంతాలస్యం ఏంటయ్యా? కాళ్ళు కడుక్కో. అన్నం పెడతా."

శౌరయ్య లేచాడు. అంత భయంలోనూ సంతోషం వేసింది, అందుకు సిగ్గు కూడా వేసింది. లాక్కొచ్చింది తను, చూడాల్సిందీ తనే. అమలమ్మ చొక్కా పట్టుకుంటే విదిలించుకుని వెళ్ళి తడిక మీద చెయ్యి వేశాడు.

అవతల చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. పోస్తూనే ఉన్నారు... ఒక మనిషి కాళ్ళకి అన్ని నీళ్ళు అక్కర్లేదు.

నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఏమయ్యా," అంది దానమ్మ వచ్చినవాడితో, గొంతు బాగా తగ్గించి. "నీ వెనకాల వాళ్ళంతా ఎవరు?"