టెస్టర్ జవాబులు

పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆవిడ అటు చూడటం లేదు. చక్కెర డబ్బాకి ఆనించి పెట్టిన ఫోన్‌లో బొటనవేలితో ఒక్కో అక్షరం నొక్కుతోంది.

"అమ్మా, టీ పొంగుతోంది" అంది కూతురు, జడ అల్లుకుంటూ వంటగదిలోకి వచ్చి.

"కాస్త తగ్గించు. ఎవరో పాపం, ఫ్యాన్ తిరగడం లేదట. వాళ్ళింట్లో పసిపిల్ల ఉందట."

"ఎవరింట్లో?"

ఆవిడ చటుక్కున ఫోన్ బోర్లించింది. "ఎవరో లేవే. వంటల వీడియో చూస్తున్నా."

"వంటల వీడియోలో ఫ్యానేంటమ్మా? ఉడకబెట్టడమా, వేయించడమా?"

"నీకు ఆఫీసుకి టైమవ్వలేదూ?"

కూతురు నవ్వి ఊరుకుంది. ఫోన్ వెనకవైపు పగుళ్ళు ఆ పిల్లకి తెలుసు. అది అన్నయ్య ఫోన్. ఆస్పత్రివాళ్ళు అతని వాచీతో పాటు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చారు. అమ్మ దాన్ని ఎందుకు చార్జింగ్ పెట్టుకుంటోందో ఆ పిల్ల ఎప్పుడూ అడగలేదు. ఫొటోలు చూసుకుంటోంది కాబోలు అనుకుంది.

ముందుగదిలోంచి తండ్రి గొంతు వినిపించింది. "టీ ఈరోజుకేనా, రేపటికా?"

ఆయన నిలబడే తాగాడు. గ్లాసు కింద పెట్టి మెట్లు దిగిపోయాడు. ఇంటి కిందే ఆయన రిపేరు షాపు. రేడియోలు, మిక్సీలు, ఫ్యాన్లు, టీవీలు. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లో కూర్చుని టీ తాగలేదు. వాడి గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఎవరైనా ఆ ఊసు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. క్రమంగా ఆ ఇంట్లో వాడి పేరు ఎత్తడం మానేశారు.

ఆ రోజు స్పేర్ పార్టు కోసం వాణ్ణి బండి మీద పంపింది ఆయనే.

ఆయనకీ కొడుక్కీ కలిపి షాపు కాక ఇంకో సంసారం ఉండేది. 'విప్పి చూద్దాం' అని ఇంటర్నెట్లో ఒక ఫోరం. ఇంట్లో వస్తువు చెడిపోయినవాళ్ళు అక్కడ ప్రశ్న వేస్తారు. తెలిసినవాళ్ళు జవాబు చెప్తారు. రూల్స్ రాసింది తండ్రి. ఒక ఖాతా ఒకే మనిషిది. కొత్తగా వచ్చినవాణ్ణి వెక్కిరించరాదు. స్వయంగా చేసి చూడని రిపేరు ఇంకొకరికి చెప్పరాదు. తప్పితే హెచ్చరిక, మళ్ళీ తప్పితే ఖాతా మూత. ప్రాణం మీదకి తెచ్చే సలహా ఇస్తే హెచ్చరిక లేకుండానే మూత.

జవాబులు చెప్పడంలో మాత్రం కొడుకే దిట్ట. అక్కడ వాడి పేరు టెస్టర్. ఎవరు ఏ కంగారులో అడిగినా "అన్నా, ముందు మంచినీళ్ళు తాగు. తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకో" అని మొదలుపెట్టేవాడు.

వాడు పోయాక తండ్రి ఫోరం తెరవలేదు. పనులు ఎక్కువగా ఉన్నాయని, ఫోరం చూసుకునే తోటి పర్యవేక్షకుడికి ఒక ముక్క పంపి ఊరుకున్నాడు. అతను దాన్ని సభ్యులందరికీ చెప్పాడు. కొడుకు లేడన్న సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా ఆయన ఫోన్ మోగింది. ఆ తోటి పర్యవేక్షకుడే. ఏ జోకూ వెంటనే అర్థం కాదని ఫోరంలో అతనికి ట్యూబులైటు అని పేరు పెట్టారు. అతనూ ఆ పేరుతోనే సర్దుకుపోయాడు.

"గురువుగారూ, మీరు కోప్పడకుండా వినాలి."

"కోపం తెప్పించేదైతే కోప్పడతాను. చెప్పు."

"మైక్రోవేవ్ ఓవెన్లు విప్పమని ఎవరికీ చెప్పకూడదని ఈమధ్య కొత్త రూలు పెట్టాను కదండీ. మీకూ పంపాను. అందరికీ కనబడేలా పైనే అంటించాను. అయినా మన టెస్టర్ చెప్పేశాడండీ. అడిగినాయన విప్పాడు, షాక్ కొట్టింది. ఆస్పత్రిలో ఉన్నాడట. వాళ్ళావిడ రాసింది. చదవలేకపోయానండీ."

తండ్రి చేతిలోని సోల్డరింగ్ కడ్డీ స్టాండు మీదకి వెళ్ళలేదు. బల్ల మీద రబ్బరు షీటు కాలుతున్న వాసన వచ్చింది.

"ఎవరు చెప్పారన్నావ్?"

"మన టెస్టరేనండీ. మీవాడే. మొన్న చెప్పాడు."

"మొన్న రాశాడా?"

"రోజూ రాస్తూనే ఉంటాడుగా. ఏంటండీ, ఒకే ఇంట్లో ఉండి మీకు తెలీదా? నేనే మూసేద్దును. మీ అబ్బాయి కదా, మీ చేత్తో అయితే మర్యాదగా ఉంటుందని ఆగాను."

ఆయన ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కీబోర్డు మీద దుమ్ము తుడిచాడు. ఫోరం తెరుచుకుంది.

కొడుకు ఫొటో పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. ఈ క్షణంలో లోపల ఉన్నాడని దాని అర్థం.

దాని కింద తాజా జవాబు ఉంది. "అన్నా, ముందు మంచినీళ్ళు తాగు. తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకో. ఫ్యాన్‌కి కండెన్సర్ పోయి ఉంటుంది."

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఎవడో దొంగ. చచ్చిపోయినవాడి ఖాతాలో దూరి, వాడి మాటలు దొంగిలించి, వాడి పేరు మీద మనుషుల్ని ఆస్పత్రుల పాలు చేస్తున్నాడు. ఖాతా మూసివేత మీద నొక్కాడు. కారణం రాయమని పెట్టె వచ్చింది. అది సభ్యులందరికీ కనబడుతుంది. "వేరొకరి పేరుతో మోసం. ప్రాణహాని కలిగించే సలహా" అని రాసి, గట్టిగా మీట నొక్కాడు.

ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది.

పైన ఇంట్లో ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. వెంటనే ఒక కేక. ఆ కేక ఆయన ఇంతకుముందు ఒక్కసారే విన్నాడు, ఆస్పత్రి వరండాలో.

ఆయన మెట్లు ఎక్కేసరికి ఆవిడ వంటగది గట్టు పట్టుకుని నేల మీదకి జారిపోయి ఉంది. చేతిలో పగిలిన ఫోన్.

"వాణ్ణి తీసేశారండీ" అంది. "ఇప్పుడే ఉన్నాడు. ఎవరో తీసేశారు. మోసం అని రాశారండీ వాడి పేరు మీద."

ఆయన ఫోన్ వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు.

"నువ్వా? ఇన్నాళ్ళూ రాస్తోంది నువ్వా?"

"ఎవరో అడుగుతారు, వాడు పలక్కపోతే ఎట్లా? వాడివే పాత జవాబులు వెతికి పెడతాను. నా సొంత మాట ఒక్కటి కలపను. థాంక్స్ తమ్ముడూ అంటారండీ. రోజూ ఎవరో ఒకరు వాణ్ణి తమ్ముడూ అంటారు." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "మీదే కదా ఆ ఫోరం. తెరిపించండి. ఎవడు మూశాడో వాడితో మాట్లాడండి."

"మూసింది నేనే."

ఆవిడ చెయ్యి వదిలేసింది.

"రెండోసారి కూడా మీరేనా?"

"అమ్మా" అని గుమ్మంలోంచి కూతురు అరిచింది. భోజనానికి వచ్చిన పిల్ల, హ్యాండ్‌బ్యాగు ఇంకా భుజాన ఉంది.

తండ్రి గోడకి చేరబడ్డాడు. ఆ మాట ఇవాళో రేపో వస్తుందని ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నవాడిలా తల ఊపాడు. "అవును, నేనే. ఆ పార్టు మర్నాడు తెచ్చినా సరిపోయేది. నేనే పంపాను."

"అమ్మ ఏదో బాధలో అంది నాన్నా."

"అననీ. ఇప్పటికి అంది. అంతే."

"నువ్వు మాట్లాడితే అమ్మ ఎప్పుడో అనేది, ఎప్పుడో ఏడ్చేది, అయిపోయేది" అంది కూతురు. "ఫోరానికి అన్ని రూల్స్ రాశావు, అందరికీ చదివి వినిపించావు. ఈ ఇంట్లో అన్నయ్య పేరెత్తకూడదని రూలు ఎప్పుడు పెట్టావు నాన్నా? ఎవరికి చెప్పావు? మాకు మేమే తెలుసుకుని నడుచుకున్నాం. అమ్మకి వాణ్ణి తలుచుకోవడానికి ఇంట్లో చోటు లేక అక్కడికి పోయింది."

ఆయన వచ్చి భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. నెమ్మదిగా చెప్పాడు.

"ఓవెన్ గురించి నువ్వు చెప్పినాయనకి షాక్ కొట్టింది. వాళ్ళావిడ ఫోరంలో రాసిందట. ఆస్పత్రిలో ఉన్నాడట."

"నేను చెప్పలేదండీ. వాడు చెప్పిందే. చూడండి, వాడు రాసిందే." ఫోన్‌లో పాత జవాబు తీసి చూపించింది.

ఆయన చదివాడు. కొడుకు మాటలే. ఎక్కడా అక్షరం తప్పు లేదు.

"ఇది సగమే. ఓవెన్ ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లో కరెంటు నిలవ ఉంటుంది. మనిషిని చంపేటంత ఉంటుంది. ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి. అప్పుడు అడిగినవాడు మెకానిక్కు. ఆ పని తను చేసేశానని ఇంకో చోట రాశాడు. అందుకే మనవాడు ఆ తర్వాత చెయ్యాల్సింది చెప్పాడు."

"నేను ఈ ముక్క తీసి పెట్టాను."

"రూలు వచ్చినప్పుడు చూడలేదా?"

"ఏదో వచ్చింది. కింద 'చదివాను' అని ఉంటే నొక్కేశాను." ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడు తప్పు చెప్పడు కదా అనుకున్నానండీ."

"వాడు తప్పు చెప్పలేదు. అడిగినవాడికి సరిగ్గానే చెప్పాడు. ఈయన వాణ్ణి అడగలేదు."

ఆవిడ ఆ మాట తనలో తాను రెండుసార్లు అనుకుంది. ఆ తర్వాత ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపు ఏడ్చింది. "వాణ్ణే అడిగాననుకున్నాడు పాపం. కొత్తగా అడిగితే చెప్పడానికి వాడు లేడు కదండీ. లేడు కదా."

ఆయన ఆవిడ తలని భుజానికి ఆనించుకున్నాడు. "లేడే" అన్నాడు. కూతురు హ్యాండ్‌బ్యాగు కింద పడేసి, వచ్చి ఇద్దరి మధ్యా కూలబడింది.

చాలాసేపటికి ఆవిడే మొహం తుడుచుకుని లేచింది.

"ఆ ఆస్పత్రిలో కూర్చున్నావిడకి చెప్పాలి. ఎవరు చేశారో తెలియాలి ఆవిడకి."

"నేను రాస్తాలే."

"మీరేం రాస్తారు? పనులు ఎక్కువగా ఉన్నాయనా?"

ముగ్గురూ షాపులోకి దిగారు. కూతురు సగం షట్టరు దించింది. కొత్త ఖాతా తెరవగానే రూల్స్ పేజీ వచ్చింది. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఓవెన్ రూలు దగ్గర ఆగి మళ్ళీ చదివింది. ఆ తర్వాతే 'చదివాను' అన్నచోట నొక్కింది. పేరు అడిగితే 'టెస్టర్ వాళ్ళమ్మ' అని ఇచ్చింది.

ఆవిడ రాసింది చిన్నదే. "టెస్టర్ చనిపోయాడు. వర్షాలు మొదలవకముందే పోయాడు. ఆ తర్వాత వచ్చిన జవాబులన్నీ నేను పెట్టినవి. నాకు రిపేర్లు తెలియవు. ఓవెన్ సలహా తప్పు నాది, వాడిది కాదు. ఆయన గాయపడింది నా వల్ల. నన్ను ఏమన్నా పడతాను. నేను పెట్టినవి చూసి ఎవరూ ఏదీ విప్పకండి."

ఆవిడ లేవగానే తండ్రి కూర్చున్నాడు. మూసేసిన ఖాతా తీశాడు. తను రాసిన కారణం చెరిపేశాడు. ఖాళీ పెట్టెలో గీత మిణుకుమిణుకుమంటోంది. ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"నేను కొట్టనా నాన్నా?" అంది కూతురు.

"వద్దమ్మా. నేను కొట్టాలి."

"ఈ ఖాతా మా అబ్బాయిది. వాడు లేడు. వాడి జవాబులు ఉంటాయి, కొత్తవి రావు" అని రాశాడు.

ఫోన్ మోగింది. ట్యూబులైటు. తండ్రి ఎత్తాడు. అవతల నుంచి వెక్కిళ్ళు వచ్చాయి. ఈసారి అతనికి వెంటనే అర్థమైంది. "ఎందుకు చెప్పలేదు గురువుగారూ" అని మాత్రం అనగలిగాడు. తండ్రి "చెప్పలేకపోయానురా" అని, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు.

ఫోరంలో ఎవరూ ఏమీ రాయలేదు. చదువుతున్నవాళ్ళ ఆకుపచ్చ చుక్కలు మాత్రం పెరుగుతూ పోయాయి.

సాయంత్రం ఎండ షట్టరు కిందనుంచి లోపలికి వచ్చే వేళకి ఒక జవాబు వచ్చింది. ఆస్పత్రి నుంచి, గాయపడినాయన భార్య. "మావారి చెయ్యి కాలింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు. పొద్దుట్నుంచీ మిమ్మల్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పటికీ కోపం పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. ఒకటి అడగమన్నారు. మీ అబ్బాయి ఎలా ఉండేవాడు?"

అలవాటుగా ఆవిడ చెయ్యి పాత జవాబులు వెతికే పెట్టె వైపు వెళ్ళింది. సగంలో ఆగింది.

"ఇది వాడు ఎక్కడా రాయలేదండీ" అంది.

"నువ్వు రాయి."

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. కొడుకు పేరు పలికాడు. ఆ పేరు విని కూతురు తలెత్తి చూసింది. "పొద్దున్నే లేచేవాడు కాదని రాయి" అన్నాడు.

"మొదటే అదా? బావుంటుందా?"

"లేచేవాడు కాదుగా. నేను దుప్పటి లాగితే, నిద్రలోనే నవ్వేవాడు. అది కూడా రాయి."

ఆవిడ రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు కనపడక, చదివి దిద్దమని కీబోర్డు కూతురి వైపు జరిపింది.