బుధవారం నాలుగింటి క్లాసు

"రెండు కళ్ళూ మూయాలండీ," అంది మేడమ్.

"ఒకటి మూశాను కదండీ," అన్నాడు టైలరు.

"మరి రెండోది ఎవరి కోసం?"

"ఫోన్ కోసం. ఇంటి దగ్గర్నుంచి మా మేనత్త చేస్తుందేమోనని."

చుట్టూ కుర్చీల్లో ఉన్న ఏడుగురూ ఫక్కున నవ్వారు. నయం కాని జబ్బుతో మంచం పట్టిన అయినవాళ్ళకు ఇంట్లో సేవ చేస్తున్నవాళ్ళు వాళ్ళంతా. ప్రతి బుధవారం నాలుగింటికి ఆ కేర్ సెంటర్ పై అంతస్తులో వాళ్ళకో క్లాసు. ఊపిరి ఎలా తీసుకోవాలి, బిగుసుకుపోయిన ఒంటిని ఎలా వదులు చేసుకోవాలి, ఇదే పాఠం. చెప్పేది ఫిజియోథెరపిస్టు. అందరూ మేడమ్ అంటారు గానీ వయసు ఇరవై ఆరు దాటి ఉండదు.

టైలరు తనంతట తాను రాలేదు. నానమ్మను చూడ్డానికి ఇంటికొచ్చే నర్సు పట్టుబట్టి పంపింది. నాలుగు నెలలుగా నానమ్మ మంచం పక్కనే మిషను వేసుకుని కుడుతున్నాడు. నిద్ర లేదు, వేళకు తిండి లేదు. మొన్న ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాడు. అది చూసి నర్సు, "ముందు నిన్ను చూడాలయ్యా, ఆవిడ నయం," అంది.

"పిడికిళ్ళు బిగించండి," అంటోంది మేడమ్. "అలాగే పట్టి ఉంచండి. ఐదు లెక్కపెట్టి మెల్లగా వదలండి."

టైలరుకు ఒళ్ళు మండింది. "ఇంట్లో మనిషి అలా ఉంటే మీరు రిలాక్స్ అవుతారా మేడమ్?"

నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ ముక్కు ఎర్రబడింది.

"అవలేదండీ. మా అమ్మకు సేవ చేసినన్నాళ్ళూ ఒక్కరోజు కూడా అవలేదు. అమ్మ పోయాక రెండు నెలలు నేను మంచం పట్టాను. మీకు అలా కాకూడదనే ఇక్కడ నిలబడి గొంతు చించుకుంటున్నాను. కళ్ళు మూయండి."

టైలరు నోరు మూతపడింది. కళ్ళు కూడా. మూడో నిమిషానికి గుర్రు మొదలైంది.

మెలకువ వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. ఎదురుగా మేడమ్ ఒక్కతే, అతని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది.

"గంటా పది నిమిషాలు," అంది. "మీ అత్తయ్య రెండుసార్లు చేశారు. మొదటిసారి, బామ్మగారు పాలు తాగి పడుకున్నారని. రెండోసారి, మీరింకా లేవలేదా అని."

"లేపొచ్చు కదండీ!"

"నా క్లాసులో ఇంత బాగా రిలాక్సయిన స్టూడెంట్ ఇంతవరకు లేడు. లేపబుద్ధి కాలేదు," అని నవ్వింది.

ఆ నవ్వుతో టైలరు మతి పోయింది. ఇంటికెళ్ళే దారిలో రెండు సందులు తప్పాడు.

ఆ తర్వాత బుధవారం నాలుగింటి క్లాసుకు అతను మూడింటికే తయారు. పైగా సోమవారాలు మేడమే ఇంటికొచ్చి నానమ్మ కాళ్ళూ చేతులూ ఆడించి వెళుతుంది. అతను శ్రద్ధగా పొట్టమీద చెయ్యి పెట్టుకుని ఊపిరి సాధన చేసేవాడు.

"ఊపిరి తీసుకోవడానికి వాకిలి వైపు చూడాలేంట్రా?" అనేది నానమ్మ.

"గాలి అటునుంచే కదా నానమ్మా వచ్చేది."

"గాలే వస్తోందిలే పాపం!"

నాలుగో బుధవారం కొంప మునిగింది. ఆరోజు టైలరు తన కోసం కుట్టుకున్న నీలం చొక్కా వేసుకెళ్ళాడు. కొంచెం ఆలస్యమైంది. మేడమ్ అప్పుడే, "భుజాలు చెవుల దాకా లేపండి, పట్టి ఉంచండి..." అంటూ తలుపు వైపు చూసింది.

చూసిందా, చూస్తూనే ఉండిపోయింది. వదలమని చెప్పడం మరిచిపోయింది.

ఏడుగురూ భుజాలు లేపుకుని కూర్చున్నారు. పది సెకన్లు. ఇరవై. ముప్పై. చివరికి, భర్తకు సేవ చేస్తున్న పెద్దావిడ గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్, మమ్మల్ని దించమంటావా, ఇలాగే ఇళ్ళకు పొమ్మంటావా?"

గది గదంతా గొల్లుమంది. మేడమ్ చేతిలో కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. టైలరు మాత్రం ఆరోజు గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

ఆ ఆనందం సోమవారం దాకానే. సోమవారం ఇంటికి ఆమె రాలేదు, సెంటర్‌లో ఇంకో ఫిజియోథెరపిస్టు, మీసాల సార్ వచ్చాడు.

"మీ బామ్మగారి ఫైలు నాకిచ్చేసింది. బుధవారం క్లాసు కూడా ఇకమీద నాదే," అన్నాడాయన మీసాల్లో నవ్వుతూ. ఆ నవ్వు టైలరు గమనించలేదు. అందరి ముందూ పరువు పోయిందని ఆమెకు కోపం వచ్చింది, నన్ను వదిలించుకుంది అనుకున్నాడు.

బుధవారం ఎప్పటిలాగే మేనత్త వచ్చింది గానీ, అతను క్లాసుకు కదల్లేదు.

"ఏమైందిరా?" అంది నానమ్మ.

"ఏం లేదు. ఇదీ మంచికే. నువ్విలా ఉంటే నేను షోకులు చేసుకుని నవ్వుకుంటూ తిరగడమేంటి? సిగ్గులేకుండా."

నానమ్మ తల అతని వైపు తిప్పింది. "నేను పోయేదాన్నే. నీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయేలోపు నీ మొహంలో నవ్వు నాలుగు రోజులు చూశాను. అది కూడా వద్దంటావా?"

టైలరు తల వంచుకుని మిషను తిప్పాడు.

ఐదున్నరకు జోరుగా వాన. ఎవరో దబదబా తలుపు బాదారు. తీస్తే మేడమ్! మెడలో ఐడీ కార్డు లేదు, తెల్లకోటు లేదు. నిలువెల్లా తడిసిపోయింది.

"క్లాసుకెందుకు రాలేదు?"

"మీరు ఉండరన్నారు కదా..."

"లోపల ఉండను. బయట బెంచీ మీద గంటసేపు ఉన్నాను!"

"మరి నా మీద కోపంతో ఫైలు..."

"కోపమా! పేషెంట్ ఇంటివాళ్ళతో స్టాఫ్ చనువుగా ఉండకూడదని మా దగ్గర రూలు. అందుకే సార్‌కు ఇచ్చేశాను. ఎందుకమ్మా అంటే ఎందుకో చెప్పేశాను కూడా. సెంటర్‌లో వాచ్‌మన్ దాకా అందరికీ తెలుసు. తెలియంది మీ ఒక్కరికే!"

టైలరుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి. "నాకూ మీరంటే ఇష్టమండీ. చెప్పలేనంత. కానీ నానమ్మ ఇలా ఉండగా..."

"నానమ్మకేం, బాగానే ఉంది!" లోపల్నుంచి కేక. "ముందు ఆ పిల్లను లోపలికి రానియ్యి, తడిసి ముద్దవుతోంది!"

మేడమ్ వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. నానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ నాకు ఎక్సర్‌సైజులు లేవా?"

"లేవు బామ్మగారూ. ఇవాళ ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చినదానివి ఉండిపోకూడదూ," అంది నానమ్మ, ఆ చెయ్యి వదలకుండానే. "వీడు ఐదు నెలలుగా నీ క్లాసుకు తప్ప గడప దాటలేదు. కాస్త అలా తీసుకెళ్ళి నడిపించు."

"నిన్ను వదిలేసి ఎలా..." అన్నాడు టైలరు.

"అరగంటలో నేనెక్కడికీ పోను. మాటిస్తున్నా. పొండి."

మేనత్త గొడుగు అందించింది. ఇద్దరూ వెళ్ళారు. పది నిమిషాలకల్లా రొప్పుకుంటూ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఒక్కసారి చూసి పోదామని..." అన్నాడు టైలరు.

"చూశావుగా. ఉన్నాను. ఇంకా ఇరవై నిమిషాలున్నాయి, పొండి!"

ఈసారి మెట్లు దిగుతుంటే మేడమ్ అతని చెయ్యి పట్టుకుంది. ఇరవై నిమిషాలు అన్నది ఇద్దరికీ గుర్తు లేదు. చీకటి పడేవేళకు వచ్చారు, నెత్తిన గొడుగు ఉండి కూడా పూర్తిగా తడిసి.

నానమ్మ మేలుకునే ఉంది. తలగడ ఎత్తుగా పెట్టించుకుని, కళ్ళజోడు కూడా పెట్టుకుంది.

"రండి, కూర్చోండి," అంది. "మొదట్నుంచీ మొత్తం చెప్పండి. నాకేం తొందర లేదు."