నిద్రపోతున్న స్క్రిప్టు

గ్రాంట్ వెదర్బీ ఆ మధ్యాహ్నం పన్నెండింటికి చావాల్సి ఉంది. అతన్ని బతికించే పని ఏజెంట్ లెన్ కుబియాక్‌కి అప్పగించారు. అంతకంటే తగని మనిషి న్యూజెర్సీ అంతా గాలించినా దొరకడు.

అప్పగించింది చీఫ్ డన్లీవీ. హైవే పక్క డైనర్లో పోర్క్ రోల్ శాండ్‌విచ్ నములుతూ, పక్క టేబుల్ వాళ్లు బేస్‌బాల్ గొడవలో మునిగి ఉండగా బ్రీఫింగ్ ముగించేశాడు. జలాంతర్గాముల చప్పుడు పసిగట్టే పరికరాల రహస్యాలను ఒక విదేశీ ముఠా కొంటోంది. గ్రాంట్ ఆ ముఠాలోకి పీటర్ లోవెల్ అనే దొంగపేరుతో దూరాడు. రారిటన్ లాబ్‌లో ఇంజనీరునని చెప్పుకుని, ఇప్పుడు పెర్త్ అంబోయ్ రేవులో వాళ్ల పడవలో కూర్చున్నాడు. ఆ మాట నిజమో కాదో ముఠా ఇవాళ తేల్చుకోబోతోంది.

తేల్చేది మనిషి కాదు, షెల్ స్క్రిప్టు. యూనిక్స్‌తో నడిచే కంప్యూటర్ మిషన్ చేయాల్సిన పనులను ఒకదాని కింద ఒకటి రాసిపెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలు. ముఠా మనిషి ఫోన్ ద్వారా లాబ్ మిషన్‌లోకి చొరబడి దాన్ని నడిపించి, ఆ ఫోన్ లైను తెరిచే ఉంచాడు. పన్నెండుకు పావుగంట ముందు అది ఉద్యోగుల ఫోన్ నంబర్ల ఫైల్లో లోవెల్ పేరు వెతుకుతుంది. ఉంటే, సరుకు మంచిదని పన్నెండింటికి పడవకు కబురు పోతుంది. లేకపోతే, సరుకు నీళ్లలో పారెయ్యమని పోతుంది. సరుకంటే గ్రాంటే.

"ఆ ఫైల్లో ఒక్క లైను చేర్చి రావాలి, అంతే," అన్నాడు చీఫ్. "మీ మేనత్త కూడా చేస్తుంది."

"అయితే ఆవిడనే పంపండి సార్."

"ఆవిడకి టెర్మినల్ రిపేరు రాదుగా. లాబ్ లోపల నిన్ను కలిసేది ఇలోనా."

లెన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

ఇలోనా వరాడి లాబ్‌లో పనిచేసే డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. వియన్నాలో లాండ్రీ వ్యానులో దుప్పట్ల కింద దాచి ఆమెను సరిహద్దు దాటించింది లెన్. యాస్బరీ పార్క్ తీరంలో ఆమెకు మొదటిసారి టాఫీ కొనిపెట్టిందీ లెనే. ఆమె నవ్వితే లాబ్‌లో సగంమంది చేస్తున్న లెక్క మర్చిపోతారు. ఇంతా అయ్యాక మధ్యలో గ్రాంట్ దిగాడు, తెరచాప పడవతో, తెల్లటి పలువరసతో. వండిందొకరు, వడ్డించుకున్నది ఇంకొకరు.

లెన్ రిపేరువాడి వేషంలో లాబ్‌కి వెళ్లాడు. మాసిన నీలం చొక్కా, దొంగ మీసం, చేతిలో పనిముట్ల పెట్టె. అందులో ఒక స్క్రూడ్రైవర్ పిడిలో రేడియో ఉంది. గార్డు చూసీ చూడనట్టు లోపలికి వదిలేశాడు. టెర్మినల్ గదిలో ఇలోనా ఒక్కతే ఉంది.

"ఇక్కడ కాఫీ మాడిపోయిందటగా," అన్నాడు లెన్. అది కోడ్.

"నిన్నటిది ఇంకా ఘోరం," అంది ఆమె. అది జవాబు. వెంటనే గొంతు తగ్గించింది. తను కొట్టే ప్రతి అక్షరానికీ ఒక కాపీ ముఠాకు చేరుతోందట, అందుకే తను కీబోర్డు ముట్టుకోకూడదట. "తొందరగా కానివ్వు లెన్. గ్రాంట్ పొద్దున కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు."

పొద్దున అతను కాఫీ తాగాడో లేదో ఈమెకెలా తెలుసు? మెడలో గొలుసుకు వేలాడుతున్నది గ్రాంట్ కాలేజీ ఉంగరం. లెన్ దాన్ని చూశాడు. గోడ గడియారం చూశాడు. ఇంకా టైముంది. తాపీగా కుర్చీ లాక్కున్నాడు, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు, అక్కర్లేని మరను విప్పి బిగించాడు. బల్ల మీదున్న క్రంబ్ కేకు ముక్క తిన్నాడు. గ్రాంట్ చావాలని కాదు. ఇలోనా ఒక్కసారి తనను బతిమాలితే చూడాలని, అంతే.

ఆమె బతిమాలింది. అప్పుడు లాగిన్ అయి, లోవెల్ పేరు ఫైల్లో చేర్చాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదోనని, నడుస్తున్న పనుల మీద ఒక చూపు వేశాడు.

స్క్రిప్టు అప్పటికే ఫైలు చూసేసింది. లోవెల్ పేరు లేదని తేల్చుకుని, కబురు పంపే వేళ వరకూ నిద్రపోతోంది. మిషన్ గడియారం గోడ గడియారం కంటే కొన్ని నిమిషాలు ముందు నడుస్తుంది. లాబ్‌లో అందరికీ తెలిసిన సంగతే, లెన్‌కీ చీఫ్ చెప్పే పంపాడు. అసూయలో మర్చిపోయాడు.

"ఏమైంది?" అంది ఇలోనా.

"ఆలస్యమైంది."

"దాన్ని చంపెయ్."

"అది చస్తే ఫోన్ తెగిపోతుంది. ఫోన్ తెగితే అక్కడ వాడిని చంపుతారు."

తీర్పు ఏ ఫైల్లోనో ఉంటే మార్చేసేవాడు. కానీ అది స్క్రిప్టును చదివి నడిపించే షెల్ అనే ప్రోగ్రాం జ్ఞాపకంలో ఉంది, చెయ్యి అందదు. ఆమె మొహం పాలిపోయింది. ఆమె అంత భయపడుతున్నది తన కోసం కాదని ఆ క్షణంలో కూడా లెన్‌కి గుచ్చుకుంది. ఛీ, ఇదేం బుద్ధి అనుకుని స్క్రిప్టు తెరిచాడు.

దాన్ని రాసినవాడు పెద్ద కంపెనీల మిషన్ల మీద పెరిగినవాడు. పని రెండు లైన్లయితే వివరణ రెండు పేజీలు. తీర్పు చెప్పే 'అయితే, కాకపోతే' పైనెక్కడో ఉంది, కబురు పంపే లైను అట్టడుగున. లెన్‌కి ప్రాణం లేచొచ్చింది. షెల్ ఏ స్క్రిప్టునూ మొత్తం ముందే చదివి పెట్టుకోదు. కొంత చదువుతుంది, చేస్తుంది, మళ్లీ వచ్చి ఆపిన చోటి నుంచి చదువుతుంది. ఇప్పుడది పైన నిద్రపోతోంది. కింది లైను ఇంకా చదవలేదు.

తీర్పు పంపమన్న చోట, సరుకు మంచిదనే పంపమని కొట్టాడు. పైన ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా షెల్ ఆపిన చోటు తప్పిపోతుంది. అందుకని పైభాగం జోలికే వెళ్లలేదు. సేవ్ చేశాడు. మిషన్ గడియారంలో పన్నెండయింది. షెల్ నిద్ర లేచింది, మూలన ఫోన్ లైనుకు తగిలించిన మోడెం కీచుమంది.

ఇద్దరూ స్క్రూడ్రైవర్ పిడికి చెవులు ఆనించారు. చాలాసేపటికి చీఫ్ గొంతు పలికింది. కోస్ట్‌గార్డు పడవను చుట్టుముట్టింది, ముఠా మొత్తం దొరికింది. కబురు అందగానే వాళ్లు గ్రాంట్ చేతికి బీరు ఇచ్చారట. ఇలోనా లెన్ మెడ పట్టుకుని ఏడ్చింది. దొంగ మీసం ఊడి ఆమె భుజానికి అంటుకుంది. వియన్నా నుంచి లెన్ ఎదురుచూసిన కౌగిలి అదే, ఇంకొకడి పేరున వచ్చింది.

శనివారం డైనర్లో గ్రాంట్ లెన్ వీపు చరిచాడు. "ఒరేయ్ లెన్, నా ప్రాణం నిలబెట్టావురా. వచ్చే నెల మా పెళ్లి. తోడు పెళ్లికొడుకువి నువ్వే. ఇంకో మాట చెప్పకు."

గ్రాంట్ బిల్లు కట్టడానికి లేచి వెళ్లాక, ఇలోనా టేబుల్ మీదికి వంగింది.

"నువ్వు ఎప్పుడొచ్చావో నేను చూశాను, ఎప్పుడు లాగిన్ అయ్యావో మిషన్ రాసిపెట్టింది. మధ్యలో కేకు తిన్నావు. అతనికి చెప్పలేదు, చెప్పను కూడా."

"థాంక్స్," అన్నాడు లెన్.

"చర్చిలో మా పక్కన నువ్వు నిలబడాలన్నది మాత్రం నా ఆలోచనే," అంది ఇలోనా. "ఉంగరాలు నీ జేబులోనే ఉంటాయి. అడగ్గానే ఇవ్వాలి, ఆలస్యం చెయ్యకు."