సూర్యారావుగారి విలాయతీ మొక్క

ఖారున్ నది పొంగి టాటీబంధ్ అవతల రోడ్డు మునిగిన ఏడు నాకు పెళ్ళి కుదిరింది. కుదిర్చింది ఒక కలుపు మొక్క.

ఆ నీరు రాయపూర్‌లో మా రైల్వే కాలనీ తోటలోకీ వచ్చింది. మొక్కల ముందు గుచ్చిన రేకు బోర్డులన్నీ కొట్టుకుపోయాయి. ఏ మొక్క పేరేమిటో తోట మేస్త్రీ సూర్యారావుగారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకీ తెలియదని తర్వాత తెలిసింది. అయినా ఆయన కుంచె పట్టి అన్నిటికీ మళ్ళీ పేర్లు రాశారు. మందారానికి ఒక ఇంగ్లీషు పేరు, నందివర్ధనానికి అంతకంటే పొడుగు పేరు.

నన్ను రైలు పట్టాల గ్యాంగు నుంచి తోట పనికి మార్చారు. మొదటి రోజే కాలవ పక్కన గులాబిరంగు పూల పొద ఒకటి కనిపించింది. పీకి కాలవలో పారేశాను.

"ఏయ్! అదేటి పీకేసినావు?"

తలెత్తాను. మేస్త్రీగారి అమ్మాయి గంగాభవాని. నడుం మీద ఒక చెయ్యి, రెండో చేతిలో తండ్రి టిఫిను క్యారేజీ.

"కలుపు," అన్నాను.

"మా నాన్న బోర్డు రాసినాడు, కనపడలేదా? విలాయతీ మొక్కది!"

బోర్డు పెడితే మొక్క మారదు కదా అనుకున్నాను. అనలేదు.

ఎనిమిదో రోజుకి కాలవలో పారేసిన పొద అక్కడే వేళ్ళూనుకుని పువ్వు పూసింది.

"సూసినావా! విలాయతీదంటే అలగుంటాది. పీకినా సావదు."

"అందుకే కలుపు."

"రోజుకెన్ని మాటలాడతావు నువ్వు? రేషనా?"

"రెండు."

"అయితే ఈయాలకి అయిపోనాయి." నవ్వింది. అంతలో వాన అందుకుంది. ఆమె క్యారేజీ నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది. నేను తడుస్తూ చూస్తున్నాను. గొడుగు నా చేతిలోనే ఉంది. విప్పాలని తోచలేదు.

ఆ మొక్క నాకు తెలుసు. ఆరంగ్ వైపు పట్టాల పక్కన ఏడాదిపాటు నరికాను. ఇక్కడివాళ్ళు దాన్ని బేషరం అంటారు, సిగ్గులేనిదని. ముక్క మిగిలితే చాలు, పొదవుతుంది. కాలవలో పడితే నీటిని కదలనివ్వదు.

దసరాకి తోటల పోటీ. దానికి రెండు నెలల ముందే తోట చూడవచ్చిన పెద్ద ఆఫీసరుగారి మేమ్‌సాబ్ ఆ పువ్వుని మెచ్చుకున్నారు. దానితో మేస్త్రీగారు కాలవ పొడుగునా ఆ కొమ్మలే నాటించారు. నా చేతే. నెలన్నరకి పొదల్లో చెత్త చిక్కుకుని మురుగు వెనక్కి తన్నింది. గంగాభవాని అది చూసింది. వరదప్పుడు వాళ్ళింట్లో మోకాలిలోతు నీళ్ళు.

"నిజంగా కలుపేనా?"

"ఆఁ."

"మళ్ళీ వానలకి మా ఇళ్ళు మునిగిపోతాయా?"

"ఆఁ."

"మరి నాన్నకి సెప్పవేం?"

"గ్యాంగుకి తోలేస్తాడు."

"తోలేస్తే?"

"నువ్వు కనపడవు."

ఆమె పువ్వుల వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత కోపం వచ్చింది.

"నాను సెప్తే ఆడగుంటకేటి తెలుసంటాడు. నువ్వు సెప్పు. అందరి ముందరా సెప్పు. నోరు మూసుకుని నన్ను సూస్తా కూకున్నోడికి నాను పెళ్ళాన్నవను!"

పెళ్ళి మాట నేనెప్పుడూ ఎత్తలేదు. నా మనసులోది ఆమెకెలా తెలిసిందో!

పోటీ రోజున మేమ్‌సాబ్ పొదల ముందు ఆగారు.

"దీనికేం ఎరువు వేస్తారు?" అని హిందీలో అడిగారు.

మేస్త్రీగారు దగ్గి నావైపు చూశారు. గట్టు మీద నుంచి గంగాభవానీ నావైపే చూసింది.

"ఎరువక్కర్లేదు మేమ్‌సాబ్," అన్నాను. "నీళ్ళూ అక్కర్లేదు. పీకినా మొలుస్తుంది, నరికినా మొలుస్తుంది. మేక కూడా ముట్టదు. ఇది బేషరం. ఉంచితే కాలవ పూడి ఇళ్ళు మునుగుతాయి."

గడ్డి కోసే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళకి ఎప్పుడో తెలుసు. వాళ్ళనెవరూ అడగలేదు.

మేమ్‌సాబ్ ముఖంలో గీత కదలలేదు. ఆవిడ అప్పటికే పది కొమ్మలు బిలాస్‌పూర్‌లో ఇంకా పెద్ద ఆఫీసరు భార్యకి కానుకగా పంపి ఉన్నారు. "చాలా అరుదైన మొక్క," అని మొదటి బహుమతి కప్పు మేస్త్రీగారికే ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి నన్ను తిరిగి గ్యాంగుకి పంపుతూ కాగితం వచ్చింది.

దాని వెనకే మేస్త్రీగారు మా గది గుమ్మంలోకి వచ్చారు, చంకలో కప్పుతో. వెనక గంగాభవాని.

"నా పరువు తీసినావురా!"

"కప్పిచ్చినారు కద నాన్నా, పరువెక్కడ పోనాది?"

"నువ్వుండెహె!" ఆయన గొంతు తగ్గించారు. "ఒరే, నిజం సెప్పు. ఆ దరిద్రం సస్తాదా?"

"వేరుతో తవ్వి, ఎండబెట్టి కాల్చాల. ముక్క మిగలకూడదు. రెండు మూడేళ్ళు పడతాది."

"అన్నేళ్ళు ఎవుడు తవ్వుతాడు?"

"అల్లుడు తవ్వుతాడు," అంది గంగాభవాని.

మేస్త్రీగారు కూతుర్ని చూశారు, నన్ను చూశారు, చివరికి కప్పుని చూశారు. తర్వాత చెప్పులు విడిచారు.

"లోపలికి రమ్మనవేటి, అల్లుడా?"

మర్నాడు పొద్దున్నే, గ్యాంగు హాజరుకి ముందే, గునపం పట్టుకుని కాలవలోకి దిగాను. మొదటి పొదని వేరుతో పెకలించి గట్టు మీదికి విసిరాను. నిండా మురుగుతో నిలబడి, గట్టు మీదున్న ఆమెను మొట్టమొదటిసారి పేరు పెట్టి పిలిచాను.

"గంగాభవానీ, బుట్ట తే."