ఆయుధపూజ నాడు మారిన చేదోడు

రెండువేల ఎనభై మూడు నాటికి ఆఫీసు బల్లలంటే ఒట్టి బల్లలే. వాటిమీద ఉండే కంప్యూటరూ కీబోర్డూ, జేబులో ఉండే ఫోనూ, అన్నీ కలిసి అరచేతిలో పట్టే ఒక్క పలకలో ఒదిగిపోయాయి. దాని పేరు చేదోడు. భీమిలిలోని తుఫాను షెల్టర్ల రూపకల్పన కేంద్రంలో నలభైమంది పనిచేసేవాళ్ళు. పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి, ఎవరి పలక వాళ్ళు బల్లమీద నిలబెట్టి, దాని గాజుకన్నులోకి ఒకసారి చూసేవాళ్ళు. అది మనిషిని గుర్తుపట్టేది. ఆపైన గాలిలో బొమ్మలు గీసేది, లెక్కలు కట్టేది, ఉత్తరాలు రాసేది, కాఫీ చల్లారిపోతోందని కూడా హెచ్చరించేది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ సోమసుందరం అదే భవనంలో కింది అంతస్తులో ఉండేవాడు. పాత యంత్రాలకి ప్రతిదీ చెప్పి నేర్పాల్సి వచ్చేది. చేదోడుకి చెప్పక్కర్లేదు. యజమాని కన్ను దేనిమీద ఎంతసేపు నిలిచిందో అందులోని దృష్టి సెన్సర్లు కొలుస్తాయి. ఎక్కువసేపు దేన్ని చూస్తే దాన్నే అది నేర్చుకుంటుంది. దీనికాయన చూపుపాఠం అని పేరు పెట్టాడు. మూడేళ్ళు వాడిన చేదోడు మనిషికి రెండో బుర్ర అవుతుందని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ విసుగు లేకుండా చెప్పేవాడు. ఫల్గుణరావు ఆ మాట పదిసార్లైనా విని ఉంటాడు. వినడం వేరు, తలకెక్కడం వేరు.

ఫల్గుణరావు అక్కడ ఇరవై రెండేళ్ళుగా ప్లాన్లు గీస్తున్నాడు. చెయ్యి మంచిదే. కానీ మూడేళ్ళ కిందట పాలకొండ నుంచి హైమవతి అనే ఆవిడ వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్నప్పటినుంచి అతనికి మనశ్శాంతి లేదు. ఆమె గీసిన మొదటి ప్లానే ఎంపికైంది. రెండోదీ అంతే. ఇక చూడాలి అతని అవస్థ. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, చేదోడు చేత ఆమె డ్రాయింగులన్నీ తెప్పించుకుని, ఈ దూలం ఇక్కడెందుకు పెట్టింది, ఈ కిటికీ ఇంత చిన్నదెందుకు చేసింది అని గంటలకొద్దీ తవ్వుతూ కూర్చునేవాడు. తప్పొకటి దొరక్కపోతుందా అని ఆశ. దొరికేది కాదు, కన్ను కుట్టేది. ఆవిడ పని భలే పని అని ఎవరన్నా అంటే ఆ పూట అతనికి అన్నం సహించేది కాదు.

కడుపుమంటకి ఏదో ఒక కారణం చూపించుకోవాలి కదా. ఆమె పలక మంచి విడతలోదనీ, తనకి నాసిరకం అంటగట్టారనీ తీర్మానించుకున్నాడు. ఉంటే గింటే తేడా యంత్రంలోనే ఉండాలి తప్ప మనిషిలో ఎలా ఉంటుంది?

అదే సమయంలో గంగడపాలెం షెల్టరు పోటీకి వచ్చింది. గంగడపాలెం ఫల్గుణరావు పుట్టిన ఊరు. అతనికి ఏడేళ్ళప్పుడు తుఫానులో బడి కప్పు లేచిపోతే, తల్లి అతన్ని చీరకొంగుతో నడుముకి కట్టుకుని ఒక పగలంతా తాటిమొద్దు పట్టుకుని కూర్చుంది. ఆ ఊరి జనం తను గీసిన కప్పు కింద తలదాచుకోవాలన్నది అతని ఒకే ఒక కోరిక. పోటీకి దిగినవాళ్ళ జాబితాలో హైమవతి పేరు చూసి కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. చివరికి నా ఊరు కూడా ఈవిడకే కావాలా అనుకున్నాడు.

గడువింకా పది రోజులుందనగా ఆయుధపూజ వచ్చింది. ఆ కేంద్రంలో ఆ రోజు ఎవరూ పని ముట్టరు. చేదోళ్ళన్నిటినీ పెద్ద హాల్లో వరసగా పేర్చి, గాజుకన్నుకి గంధం రాసి, కుంకుమబొట్టు పెడతారు. మొదటి ఏడాది ఇలాగే బొట్లు పెడితే మర్నాడు ఒక్క పలకా యజమానిని గుర్తుపట్టక, రెండు రోజులు ఆఫీసు మూతపడింది. సోమసుందరం తలపట్టుకుని, పూజ మాన్పించడం తన వల్ల కాదని తెలిసి, యంత్రాన్నే మార్చాడు. బొట్టు తుడిచాక మొదట ఎవరు చూస్తే వాళ్ళనే యజమానిగా ఒప్పుకుంటుంది. నేర్చుకున్న పాఠాలు మాత్రం చెక్కుచెదరవు. ఎవరి పలక వాళ్ళే తీసుకుంటారులే అని ఆయన నమ్మకం.

పలకలన్నీ ఒకే అచ్చు. వెనకాల అంటించిన పేరు చీటీ ఒక్కటే గుర్తు. అందరూ పులిహోర దగ్గర ఉన్నప్పుడు ఫల్గుణరావు తన చీటీ ఊడబీకి హైమవతి పలకకీ, ఆమెది తన పలకకీ అంటించాడు. ఆ తర్వాత రెండు విస్తర్లు తిన్నాడు.

మర్నాడు బొట్టు తుడిచి కన్నులోకి చూశాడు. ఇక అద్భుతాలు కురుస్తాయనుకున్నాడు. గాలిలో వెలిగినవి అద్భుతాలు కావు, ఇసుక పేరుకున్న మెట్లు. గంగడపాలెం మెట్లు. హైమవతి ఆదివారాలు ఆ ఊరు వెళ్ళి చూసినవన్నీ అందులో ఉన్నాయి. అలలు, తడి గోడలు, మనుషుల పాదాలు.

"ప్లానులో మెట్ల దగ్గర ఆగాం," అంది చేదోడు. "ఎనభై రెండేళ్ళ నూకాలమ్మ గారు మేకపిల్లని చంకనెత్తుకుని ఎక్కాలి. మెట్టు ఎత్తు ఆరంగుళాలా, అయిదా?"

నూకాలమ్మ అతని తల్లికి స్నేహితురాలు. ఆమెని చూసి పదకొండేళ్ళయింది. ఆరు అన్నాడు ఫల్గుణరావు. ఆవిడ అడుగు కొలిచి చూశారా అని అడిగింది పలక. ఆ పది రోజులూ అది గొప్ప ప్లానేదీ ఇవ్వలేదు, ప్రశ్నలే అడిగింది. గాలి మొదట ఏ గుమ్మం తడుతుంది, పసిపిల్లల తల్లులు ఎక్కడ కూర్చుంటారు అని. సొంత ఊరి గురించి అడిగినదాంట్లో సగం అతనికి తెలియదు. సిగ్గేసింది, ఆ సిగ్గుమీద కోపం కూడా వచ్చింది. అరకొరగా ఏదో గీసి ఇచ్చాడు.

హైమవతి ప్లానే ఎంపికైంది. ఆమె ఇంతకుముందు గీసినవాటన్నిటికన్నా అది బాగుందని కమిటీవాళ్ళు అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె అతని బల్ల దగ్గరికి వచ్చి, పలక కింద పెట్టింది.

"ఇది మీది, మాస్టారూ. మొదటి గంటలోనే తెలిసింది. హైమవతి గారైతే ఈ గోడని గాలికి అడ్డంగా పెట్టరు, గుండ్రంగా తిప్పుతారు అని చెప్పింది. నాకే."

ఫల్గుణరావుకి మొహం పాలిపోయింది. మరి అప్పుడే ఎందుకు గొడవ చెయ్యలేదని గొణిగాడు.

"చెయ్యాలనే లేచాను. ఇంకొక్క మాట విని వెళ్దామనుకున్నాను." ఆమె తల దించుకుంది. "నేను గీసిన ప్రతి గీతా దానికి తెలుసు. నేను చెయ్యబోయే తప్పు నాకంటే ముందే పట్టేసేది. నా పనిని ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు, మా ఇంట్లోవాళ్ళు కూడా. ఇచ్చెయ్యబుద్ధి కాలేదు. నాదీ తప్పే."

ఆపైన ఇంకో మాట చెప్పింది. మెట్ల ఎత్తు మాత్రం తేలలేదట. ఆ ఊరి సంగతులు అతని పలకలో ఒక్కటీ లేవట. ఆదివారం తనతో వస్తే ఇద్దరూ కలిసి కొలవచ్చనీ, ఆ ఊళ్ళో జనం తనకంటే అతనితోనే ఎక్కువ మాట్లాడతారనీ అంది. తన పలక తను తీసుకుని వెళ్ళిపోయింది.

ఫల్గుణరావు తన చేదోడు కన్నుకి డ్రాయరులో మిగిలిన కుంకుమ అద్ది, తుడిచి, చూశాడు. నా పద్ధతిలో ఒక ప్లాను గియ్యి అన్నాడు.



"మీ పద్ధతి నేను చూడలేదు," అంది చేదోడు. "మీరు గీసినవి మీరు ఎప్పుడూ రెండోసారి చూడలేదు. ఈ మూడేళ్ళూ నాకు చూపించింది ఆవిడ పనే."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆదివారం తప్పకుండా వెళ్ళాలి, నూకాలమ్మ పక్కన కూర్చోవాలి, మెట్టు మెట్టూ తన కళ్ళతో చూడాలి అని గట్టిగా అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

అప్పుడే హాలు ఆ చివర చప్పట్లు వినిపించాయి. నలుగురూ హైమవతి చుట్టూ చేరి లడ్డూలు పంచుతున్నారు. డైరెక్టరు గారు ఆమెకి దండ వేస్తున్నారు. ఫల్గుణరావు తల ఎత్తి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"చూస్తున్నాను," అంది చేతిలోని చేదోడు మెల్లగా. "ఆవిడ గురించి ఇది కూడా రాసుకున్నాను."