పదో ప్రశ్న

రహస్య సంకేతాలు కాపాడే కోడ్ ఆఫీసర్ శవం ఆఫీసు మెట్ల కింద దొరికింది. ఆత్మహత్య అన్నారు పోలీసులు. గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ నమ్మలేదు. చనిపోయేముందు అతను ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్తుండేవాడు. చనిపోయిన మర్నాడే రహస్య కోడ్ విదేశీ ముఠా చేతికి చేరింది.

"అతని బదులు వచ్చినావిడ ఇవాళ అక్కడికే వెళ్తోంది. ఆపితే పిట్ట ఎగిరిపోతుంది. అక్కడున్నది ఇద్దరు కౌన్సెలర్లు. ఒకరు దొంగ. ఎవరో తేల్చు. ఆవిడ ప్రాణం నీ చేతిలో ఉంది" అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ గద్ద అని పిలిచే ఏజెంట్ తలూపాడు.

ఉచ్చు సిద్ధం చేసింది డిపార్ట్‌మెంట్ సైకాలజిస్ట్. సెంటర్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి మనసులోని దిగులును కొలిచే టెస్ట్ ఇస్తారు. ఇరవై ప్రశ్నలు. పదోది చావాలన్న ఆలోచనల గురించి. అసలైన కౌన్సెలర్ మార్కులు కూడకముందే పదో ప్రశ్న చూస్తారు. మొత్తం ఎంత తక్కువున్నా ఆ మాట తేల్చుకోకుండా మనిషిని వదలరు. దొంగ కౌన్సెలరైతే మొత్తం మార్కులు మాత్రమే చూసి పంపేస్తారు. అందుకని గద్ద పదోదానికి 'తరచుగా' అని రాసి, మిగతా వాటన్నిటికీ సున్నా పెట్టాలి.

గద్ద అనుమానం మొదటినుంచీ లేడీ కౌన్సెలర్ మీదే. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, రాయబారుల పార్టీలు. రెండో ఆయన తెల్లగడ్డం తాతగారు, చీమకైనా హాని చెయ్యని రకం. పెట్టుడు మీసం, గుమాస్తా చొక్కా, పెన్నులో మైక్‌తో గద్ద ఆమె గదిలోకే అడుగుపెట్టాడు.

ఆమె కాగితం అందుకుంది. చూపు పదో ప్రశ్న మీద ఆగింది. కూడటానికి తీసిన పెన్ను పక్కన పెట్టేసింది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా మీకు?" అని మెల్లగా అడిగింది.

గద్దకి అర్థమైంది. ఈమె అసలైన కౌన్సెలరే. అయితే దొంగ తాతగారు. పక్కగదిలో గడియ పడిన చప్పుడైంది. కొత్త కోడ్ ఆఫీసర్ అప్పుడే తాతగారి దగ్గరికి వెళ్లిపోయింది.

లేచాడు. ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది. మాట్లాడందే పంపనంది. ఉచ్చు వేసినవాడే ఉచ్చులో పడ్డాడు.

"నేను సీక్రెట్ ఏజెంట్‌ని. పక్కగదిలో హత్య జరగబోతోంది."

"అలా ఎన్నాళ్లుగా అనిపిస్తోంది?"

వాదించే టైం లేదు. మీసం పీకి బల్లమీద పడేసి, ఐడీ కార్డు ఆమె కళ్లముందు పెట్టాడు. ఆమె ఒక్క క్షణం చూసి పక్కకి తప్పుకుంది.

రెండో తన్నుకి తలుపు ఊడింది. ఏం తాగించాడో, కోడ్ ఆఫీసర్ మగతలో తూగుతోంది. కోడ్ సగం చెప్పేసింది. తాతగారి చేతిలోని సూది ఆమె మెడకి ఆనబోతోంది. గద్ద పేపర్‌వెయిట్ విసిరాడు. సూది ఎగిరి గోడకి కొట్టుకుంది. పెనుగులాటలో తెల్లగడ్డం ఊడి చేతికొచ్చింది. కింద ఉన్నది ముప్పై దాటని మొహం.

బేడీలు పడ్డాయి. వ్యాన్ వెళ్లిపోయింది. గద్ద సెలవు తీసుకుందామని వెనక్కి వస్తే, ఆమె ఆ కాగితమే ముందేసుకుని కూర్చుంది. పదో జవాబు నటనేనని చెప్పాడు.

"సరే. కానీ నిద్రలేమి సున్నా, భయం సున్నా, ఒంటరితనం సున్నా. మీ ఉద్యోగంలోనా? నాకు నమ్మబుద్ధి కానివి ఆ పంతొమ్మిదే" అంది.

శత్రువుల చెరలో నెలల తరబడి నోరు విప్పని మనిషి జేబులోంచి మైకున్న పెన్ను తీశాడు. ఏడుపొస్తోందని తెలిసి అతనికే ఆశ్చర్యం వేసింది. మైక్ ఆపేసి కూర్చున్నాడు.

"ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?"