ఇంకేమన్న చెప్పాలనున్నదా

"పప్పు ఫ్రిజ్‌ల పెట్టిన, పగటికి వేడి చేస్కో," అంది దీక్షిత జడ అల్లుకుంటూ. ఆ ఫ్రిజ్ నిన్ననే బాగైంది.

"ఏమన్నవ్ బిడ్డా?" అంది అత్త సత్తెమ్మ, వంటింటి గడపలో నిలబడి.

"పప్పు ఫ్రిజ్‌ల పెట్టిన."

"ఏడ పెట్టినవ్?"

"ఎన్నిసార్లు చెప్పాలె అత్తమ్మా? జర మనసు పెట్టి ఇను."

సత్తెమ్మ తగ్గు గొంతుతో, "నీతోని ఒక మాట..." అనబోయింది.

"వచ్చినంక చెప్పు. నాకు టైమైతాంది," అని దీక్షిత చెప్పులేసుకుంది. వచ్చాక కూడా వినే ఓపిక ఉండదని అత్తకూ తెలుసు, కోడలికీ తెలుసు. వారం నుంచి ఇదే తంతు.

జనగామలో ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషిన్లూ అమ్మే దుకాణం పైఅంతస్తులో దీక్షిత ఉద్యోగం. రిపేరు చేయించుకున్న వాళ్లకు ఫోన్ చేసి, పని నచ్చిందో లేదో కనుక్కోవాలి. అక్కడ ఆమె పేరు దివ్య. మాటలో యాస రాకూడదు, చివర 'అండీ' రావాలి. పై అధికారి శైలజ మేడమ్, దీక్షిత పనిలో చేరిన రోజే పాఠం చెప్పింది. "వస్తువు బాగు చేస్తే మనిషి సగమే మెచ్చుకుంటాడు. నా మాట విన్నారు అనిపిస్తేనే మిగతా సగం. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే గొంతుతో చెప్పండి. పెట్టేసే ముందు 'ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా' అని అడగండి. చివర విన్న మాటే మనసులో నిలుస్తుంది." దీక్షితకు ఈ విద్య ఇట్టే పట్టుబడింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఊరికే అన్నారా పెద్దలు?

మధ్యాహ్నం తెర మీద 'రంజిత్, ఫ్రిజ్' అని వచ్చింది. పేర్లే తప్ప నంబర్లు కనిపించవు. తన భర్త పేరూ అదే, అయినా ఊళ్లో రంజిత్‌లకు కొదవా అనుకుని దీక్షిత మొదలుపెట్టింది.

"నమస్కారం అండీ, నా పేరు దివ్య..."

"అలో, ఎవలు?"

అత్త గొంతు. పగలు ఇంట్లో ఉండేది ఆమే కదా అని భర్త తల్లి నంబరిచ్చినట్టున్నాడు. నేనే అత్తమ్మా, అందామనుకుంది. కానీ ఆ పూట శైలజ ఆమె కాల్స్ వింటోంది. దీక్షిత నేర్చిన మాటే అప్పజెప్పింది.

"మా మెకానిక్ పని మీకు నచ్చిందా అండీ?"

"ఏందమ్మా?"

మళ్లీ అడిగింది. మూడోసారీ అడిగింది, ఇంకాస్త నిదానంగా.

"మంచిగ చేసిండు బిడ్డా. ఇన్నిసార్లడిగినా నీకు కోపం రాలే, గది గొప్ప. నాకు ఎడమ చెవు ఇనబడ్తలేదు. ఫోన్ కుడి చెవుకు పెట్టుకున్న. నువ్వు నిమ్మలంగ చెప్తున్నవ్, అన్నీ ఇనబడ్తున్నయ్."

దీక్షితకు పొద్దున తను విసుక్కున్నది గుర్తొచ్చింది. అయినా అలవాటుపడ్డ నోరు ఆగలేదు. "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అండీ?"

సత్తెమ్మ గొంతు తగ్గించింది.

"చెవు సంగతి మా కోడలికి చెప్దామని చూస్తున్న. ఆమె మంచిదే బిడ్డా, పరేషాన్ల ఉంటది. దినమంత ఎవలెవలితోనో మాట్లాడొస్తది, ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోతయ్ కావచ్చు. మల్ల మల్ల అడిగి ఎందుకు సతాయించాలె? రేపు జఫర్‌గఢ్‌ల మా తమ్మునింటికి పోత. ఇగ ఆడనే ఉంట. నువ్వు సల్లగుండు బిడ్డా. మీ అత్త పుణ్యం చేసుకున్నది."

శైలజ పరుగున వచ్చి భుజం తట్టింది. ఆ కాల్‌ను హాల్లో అందరికీ వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఆ కోడలెవరో గాని..." అంది పక్క సీటు అమ్మాయి. దీక్షితకు తల కొట్టేసినట్టయింది. ఆ కోడలు తనేనని చెప్పే ధైర్యం లేక, మందితో పాటు తనూ ఓ నవ్వు నవ్వింది. ఇంటికి వెళ్లేదాకా ఆ నవ్వే ఆమెను కాల్చుకు తిన్నది.

ఇంట్లో సంచి సర్ది ఉంది. రంజిత్ గుమ్మంలోనే నిలదీశాడు.

"అమ్మ పోత అంటాంది. ఏమన్నవ్ నువ్వు?"

"నేనేమనలే. ఆమెనే ఏమననియ్యలే."

దీక్షిత లోపలికి వెళ్లి అత్తకు కుడి పక్కన కూర్చుంది. క్షమించమని అడగాలనుంది. సత్తెమ్మ చీర మడత పెడుతూ, "అలిసొచ్చినవ్, చాయ్ పెట్టనా?" అంది.

"అత్తమ్మా, ఇంకేమన్న చెప్పాలనున్నదా?"

సత్తెమ్మ చేతులు ఆగిపోయాయి. మధ్యాహ్నం ఫోన్‌లో విన్నదీ ఇదే మాట, ఇదే గొంతు.

"గా పిల్లవు నువ్వేనా? అయ్యో, నీ ముచ్చట నీకే చెప్పుకున్న," అని సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సిగ్గుపడాల్సింది ఆమె కాదు. దీక్షిత అత్త ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోనే, "పొద్దుగాల దవాఖానకు పోదం," అంది.

"ఏమన్నవ్ బిడ్డా?"

తలెత్తి, కళ్లు తుడుచుకుని, నిమ్మళంగా చెప్పింది. "పొద్దుగాల చెవుల దవాఖానకు పోదం అత్తమ్మా. నేను సెలవు పెడ్త."

"ఏమన్నవ్?"

ఈసారి వినబడే అడిగిందని దీక్షితకు తెలుసు. అయినా అదే గొంతుతో మళ్లీ చెప్పింది.